‘దేనికి?’ అని అడుగుతూ శరీరం మీద దిక్కులు నేర్చుకోండి

అనాటమీ (శరీర నిర్మాణ శాస్త్రం) మొదటి క్లాసుల్లో పిల్లలు ఒక పట్టిక రాసుకుంటారు. ఒకవైపు యాంటీరియర్, సుపీరియర్, మీడియల్ అనే మాటలు, ఎదురుగా ముందు, పైన, మధ్యకు అని అర్థాలు. రాత్రి కూర్చుని బట్టీ పడతారు. మర్నాడు అడిగితే గడగడా అప్పజెప్పేస్తారు. కొన్ని నెలలయ్యాక వార్డు పోస్టింగ్‌లో, “ఈ పేషెంట్‌కి పుండు ఎక్కడుందో నోట్స్‌లో రాయమ్మా” అంటే పెన్ను కదలదు. పట్టిక గుర్తుంది, కానీ అది ఆ పేషెంట్ ఒంటి మీదికి రావడం లేదు.

నేను ఖమ్మంలో నర్సింగ్ విద్యార్థులకు అనాటమీ చెబుతాను. అంతకుముందు చాలాకాలం సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా చేశాను. నా క్లాసుకు వచ్చేవాళ్లలో చాలామంది మధిర, ఇల్లెందు, పాల్వంచ వైపు ఊళ్ల నుంచి వస్తారు, పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లే. వాళ్లకు ఈ మాటలు ఎలా నేర్పుతానో అదే ఇక్కడ రాస్తున్నాను. ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నీషియన్, రేడియాలజీ, ఎంబీబీఎస్ మొదటి ఏడాది, ఏ కోర్సులో ఉన్నవాళ్లకైనా సరిపోతుంది. ఎంబీబీఎస్ సిలబస్‌లో అయితే అనాటమీ మొట్టమొదటి అంశమే ఇది: శరీరం నిలబడే స్థితి, తలాలు (ఒంటిని ఊహలో కోసే తీరులు), దిక్కులు చూపించగలగాలి. ‘చూపించగలగాలి’ అన్నారు కాబట్టి పుస్తకం మూసేసి లేచి నిలబడండి.

ముందు నిలబడటం నేర్చుకోండి

నిటారుగా నిలబడండి. ముఖం ఎదురుగా, చూపు తిన్నగా. పాదాలు దగ్గరగా, కాలివేళ్లు ముందుకు. చేతులు ఒంటి పక్కన కిందికి వేలాడాలి. ఇప్పుడు అరచేతులు ముందుకు తిప్పండి. బొటనవేళ్లు ఒంటికి దూరంగా, బయటివైపు చూస్తుండాలి. దీన్నే అనాటమికల్ పొజిషన్ అంటారు. ఇకముందు మనం వాడే ప్రతి మాటా ఈ భంగిమను బట్టే ఉంటుంది.

అరచేయి ముందుకు తిప్పడం ఎవరికీ సహజంగా రాదు. మామూలుగా నిలబడితే అరచేతులు తొడలవైపు తిరిగి ఉంటాయి. ఎందుకు తిప్పమంటారో మీ ముంజేతి మీదే తెలుస్తుంది. ముంజేతిలో రేడియస్, అల్నా అని రెండు ఎముకలున్నాయి. అరచేయి ముందుకు ఉన్నప్పుడు రెండూ పక్కపక్కన సమాంతరంగా ఉంటాయి, రేడియస్ బొటనవేలి వైపు, అల్నా చిటికెనవేలి వైపు. అరచేతిని వెనక్కి తిప్పితే రేడియస్ వెళ్లి అల్నా మీద అడ్డంగా పడుతుంది. ఎడమచేత్తో కుడి ముంజేతిని పట్టుకుని నెమ్మదిగా తిప్పి చూడండి, ఎముక కదలడం వేళ్లకు తెలుస్తుంది. రెండూ ఒకదాని మీద ఒకటి దాటి ఉన్నప్పుడు ఏది లోపలివైపు, ఏది బయటివైపు అని చెప్పడం కష్టం. అందుకే అవి విడివిడిగా ఉన్న భంగిమను ప్రమాణంగా పెట్టుకున్నారు.

పేషెంట్ మాత్రం ఇలా నిలబడి ఉండరు. వెల్లకిలా పడుకుని ఉంటారు, బోర్లా ఉంటారు, చెయ్యి తల కింద పెట్టుకుని ఉంటారు, కాలు ట్రాక్షన్‌లో, అంటే బరువు కట్టి లాగి, ఉంటుంది. అయినా సరే, మనసులో వాళ్లను లేపి నిలబెట్టి, అరచేతులు ముందుకు తిప్పి, అప్పుడు దిక్కు చెప్పాలి. పడుకున్న మనిషి ఛాతీ సీలింగ్ వైపు ఉంది కాబట్టి సుపీరియర్ అని రాసేవాళ్లు ఉంటారు. ఛాతీ ఎప్పుడూ యాంటీరియరే. సుపీరియర్ అంటే తలవైపు, సీలింగ్ వైపు కాదు. మనం ఇంట్లో “పడుకున్నప్పుడు పైన దుప్పటి, కింద చాప” అంటాం కదా, ఆ అలవాటు వార్డులోకి వచ్చేస్తుంది. దాన్ని మొదటి వారంలోనే ఆపాలి. నేనైతే ఒక విద్యార్థిని బల్ల మీద పడుకోబెట్టి, మిగతావాళ్లతో ముక్కు, బొడ్డు, మోకాలిచిప్ప, మడమ ఒక్కొక్కటీ ఎటువైపో చెప్పిస్తాను. తర్వాత అదే అమ్మాయిని బోర్లా తిప్పి మళ్లీ అవే అడుగుతాను. జవాబులు ఒక్కటి కూడా మారకూడదు.

వెల్లకిలా ఉండటాన్ని సుపైన్ అని, బోర్లా ఉండటాన్ని ప్రోన్ అని అంటారు. పక్కకు పడుకోబెట్టినప్పుడు ‘లెఫ్ట్ లేటరల్’ అని రాస్తే పేషెంట్ ఎడమ పక్క మంచానికి ఆని ఉందని అర్థం, ఎడమ పక్క పైకి ఉందని కాదు. ఎనిమా ఇచ్చేటప్పుడు, గర్భిణిని పడుకోబెట్టేటప్పుడు ఈ మాట రోజూ వినిపిస్తుంది.

కుడి ఎడమలు పేషెంట్‌వి

ఇది అందరికీ తెలుసు, అయినా ఎదురుగా నిలబడ్డప్పుడు తడబడతారు. మీ బెంచీ పక్కన కూర్చునే అమ్మాయిని ఎదురుగా నిలబెట్టుకోండి. ఆమె కుడి భుజాన్ని మీ కుడిచేత్తో తాకండి. చెయ్యి అడ్డంగా వెళ్లాల్సి వస్తుంది. ఆ అడ్డం వెళ్లడం మీ ఒంటికి అలవాటు కావాలి. ఆలోచించి చెప్పే కుడి కంటే ఆలోచించకుండా చెయ్యి వెళ్లే కుడి నమ్మదగినది.

ఛాతీ ఎక్స్‌రేను లైట్‌బాక్స్ మీద పెడితే పేషెంట్ మీకు ఎదురుగా నిలబడ్డట్టే చూడాలి. గుండె మొన మీ కుడిచేతి వైపు కనిపిస్తుంది, అది పేషెంట్ ఎడమ. పొట్ట సీటీ స్కాన్‌లో అడ్డకోతలు పాదాల వైపు నుంచి చూస్తున్నట్టు ఉంటాయి, కాబట్టి కాలేయం ఫిల్మ్‌లో ఎడమపక్కన కనిపిస్తుంది, కానీ అది పేషెంట్ కుడివైపే. ఫిల్మ్ మీద ఆర్, ఎల్ గుర్తులు ఉంటాయి. ఫిల్మ్ చేతిలోకి తీసుకోగానే మొదట ఆ గుర్తు వెతకండి, తర్వాతే బొమ్మ చూడండి.

ఇక్కడ తప్పు జరిగితే అది మార్కుల నష్టంతో పోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్ట్‌లో, మత్తు ఇవ్వకముందే పేషెంట్ పేరు, ఆపరేషన్ చేసే చోటు, ఏ ఆపరేషన్, అంగీకారం అన్నీ పేషెంట్ నోటితో నిర్ధారించుకోవాలనీ, చోటు మీద గుర్తు పెట్టారో లేదో చూడాలనీ ఉంది. ఆ ప్రశ్న చాలాసార్లు అడిగేది నర్సే. “మీకు కుడి కాలికేనా?” అని అడగకండి, భయంలో ఉన్నవాళ్లు దేనికైనా తల ఊపుతారు. “ఏ కాలికమ్మా ఆపరేషన్? చూపించు” అని అడగండి.

‘దేనికి?’ అన్న ప్రశ్న

ఇప్పుడు మాటలకు వద్దాం. మొత్తం గైడ్‌లో ఒక్క విషయం పట్టుకోవాలంటే ఇదే: దిక్కు మాట ఒంటరిగా నిలబడదు. మోచేయి ప్రాక్సిమలా (మొండేనికి దగ్గరా), డిస్టలా (దూరమా) అని అడిగితే, దేనికి అని మీరు ఎదురు అడగాలి. మణికట్టుకు ప్రాక్సిమల్. భుజానికి డిస్టల్. కన్ను ముక్కుకు లేటరల్ (మధ్యకు దూరం), చెవికి మీడియల్. గుండె ఊపిరితిత్తులకు మీడియల్, వెన్నెముకకు యాంటీరియర్, రొమ్ము ఎముకకు పోస్టీరియర్ (వెనక), ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండర పొర డయాఫ్రమ్‌కు సుపీరియర్. ఒకే గుండెకు నాలుగు దిక్కు మాటలు వచ్చాయి, నాలుగూ నిజమే. ఊళ్లో ఇల్లు చెప్పేటప్పుడు రామాలయానికి ఎటు, చెరువుకు ఎటు అని చెబుతాం కదా, ఇదీ అలాంటిదే.

అందుకే నా క్లాసులో ఎవరైనా “లేటరల్ మేడమ్” అని ఊరుకుంటే జవాబు లెక్కలోకి తీసుకోను. ‘ఫలానా దానికి లేటరల్’ అని పూర్తి వాక్యం చెప్పాలి. మీరు ఒంటరిగా చదువుకుంటున్నా ఈ నియమం పెట్టుకోండి.

పైకి, కిందికి, ముందుకు, వెనక్కి చెప్పే నాలుగు మాటలు పెద్దగా ఇబ్బంది పెట్టవు. తలవైపు సుపీరియర్, పాదాలవైపు ఇన్ఫీరియర్. ముందువైపు యాంటీరియర్, వెనకవైపు పోస్టీరియర్. నిలబడ్డ మనిషిలో వెంట్రల్, డార్సల్ అన్నా దాదాపు ముందు, వెనకలే. క్రేనియల్, కాడల్ అంటే తలవైపు, తోకవైపు, ఇవి పిండం గురించి చదివేటప్పుడు ఎక్కువ వస్తాయి. మొండెం మీద రెండు ఉదాహరణలు చాలు. శ్వాసనాళం అన్నవాహికకు యాంటీరియర్, అందుకే గొంతు ముందుభాగంలో వేలు పెడితే గట్టి ఉంగరాల్లా తగిలేది శ్వాసనాళం. కుడి మూత్రపిండం ఎడమదానికంటే కొంచెం ఇన్ఫీరియర్, పైన కాలేయం చోటు తీసుకుంది కాబట్టి.

చెయ్యి, కాలు అనేముందు

మనం చెయ్యి అంటే భుజం నుంచి వేలికొన దాకా అంతా చెయ్యే. కాలు అన్నా అంతే. అనాటమీలో అలా కుదరదు. ఆర్మ్ అంటే భుజం నుంచి మోచేయి వరకే, మన దండచేయి. మోచేయి నుంచి మణికట్టు దాకా ఫోర్ఆర్మ్. ఆ తర్వాత హ్యాండ్. తుంటి నుంచి మోకాలు దాకా థై, మోకాలి నుంచి చీలమండ దాకా మాత్రమే లెగ్, తర్వాత ఫుట్. ‘కాలి మీద గాయం’ అని రాస్తే తొడ మీదో, పిక్క మీదో, పాదం మీదో చదివేవాళ్లకు తెలియదు. ‘మీద’ అన్నది కూడా అంతే, పైభాగంలోనా, చర్మం పైనా, పాదం పైవైపా? ముందు భాగం పేరు రాయండి, తర్వాతే దిక్కు.

మీడియల్, లేటరల్: బొటనవేలి దగ్గర ఆగండి

నుదుటి మధ్య నుంచి ముక్కు, బొడ్డు మీదుగా రెండు పాదాల మధ్యకు ఒక గీత ఊహించుకోండి. ఆ గీతకు దగ్గరైతే మీడియల్, దూరమైతే లేటరల్. ఇంతవరకు తేలిక.

చేతిలో బొటనవేలు లేటరల్. కాలిలో బొటనవేలు మీడియల్. ఈ రెండు వాక్యాలను నిలబడి, చూసి, తాకి నమ్మండి. చేతిలో చిటికెనవేలు మీడియల్ ఎలా అవుతుందని అడిగే పిల్లలు అరచేతిని వెనక్కి తిప్పి చూసుకుంటూ ఉంటారు. అరచేయి ముందుకు తిప్పగానే చిటికెనవేలు తొడ పక్కకు వచ్చేస్తుంది, సందేహం తీరిపోతుంది. పేషెంట్ చెయ్యి ఏ వంకరలో ఉన్నా గందరగోళం రాకుండా ముంజేతికి మరో దారి ఉంది. రేడియల్ వైపు అంటే బొటనవేలి వైపు, అల్నార్ వైపు అంటే చిటికెనవేలి వైపు. మోకాలి కింది రెండు ఎముకల్లో టిబియా మీడియల్, ఫిబులా లేటరల్. అక్కడ కూడా టిబియల్, ఫిబులర్ వైపు అని అనవచ్చు. ఎమర్జెన్సీలో నేను రేడియల్, అల్నార్ అనే మాటలే వాడమంటాను, చెయ్యి ఎలా తిరిగినా ఆ ఎముకల పేర్లు మారవు.

మీ ఒంటి మీదే మూడు చోట్లు వెతకండి. మొదటిది నాడి. అరచేయి పైకి పెట్టి, మణికట్టు దగ్గర ముందువైపు, బొటనవేలి వైపున వేళ్లు పెట్టండి. అది రేడియల్ పల్స్, యాంటీరియర్‌గా, లేటరల్‌గా దొరికింది. రెండోది మోచేతి మడతలో. చెయ్యి కొంచెం వంచి బిగిస్తే మడత మధ్యలో తాడులా గట్టిగా ఒకటి తగులుతుంది, అది బైసెప్స్ టెండన్, అంటే కండను ఎముకకు కలిపే తాడు. దానికి మీడియల్‌గా, అంటే చిటికెనవేలి వైపుగా, వేళ్లు జరిపి, చెయ్యి వదులు చేసి నొక్కితే బ్రేకియల్ ధమని కొట్టుకోవడం తెలుస్తుంది. బీపీ చూసేటప్పుడు స్టెతస్కోప్ పెట్టాల్సింది అక్కడే. చాలామంది మడత మధ్యలో ఎక్కడో పెట్టి శబ్దం సరిగా రావడం లేదంటారు. మూడోది చీలమండ. లోపలివైపు ఎముక గుబ్బ మీడియల్ మాలియోలస్. దాని వెనకగా వేళ్లు పెడితే పోస్టీరియర్ టిబియల్ పల్స్. దిక్కు మాట సరిగ్గా తెలిస్తే నాడి దొరుకుతుంది, తెలియకపోతే దొరకదు. పరీక్ష పేపరు కంటే ఇది కచ్చితమైన పరీక్ష.

ప్రాక్సిమల్, డిస్టల్: నర్సుకు అన్నం పెట్టే మాటలు

చెయ్యి, కాలు మొండేనికి అతుక్కున్న చోటుకు దగ్గరైతే ప్రాక్సిమల్, దూరమైతే డిస్టల్. మొండెం మీద, తల మీద ఇవి వాడం, అక్కడ సుపీరియర్, ఇన్ఫీరియర్. పేగు, రక్తనాళం లాంటి గొట్టాలకు కూడా ఇవి పనికొస్తాయి, మొదలుకు దగ్గరది ప్రాక్సిమల్. పేగుకు నోటివైపు ప్రాక్సిమల్, మలద్వారం వైపు డిస్టల్. లూప్ కొలోస్టమీ (పెద్దపేగును పొట్ట మీదికి తెచ్చి మలానికి దారి పెట్టే ఆపరేషన్) పేషెంట్‌ను చూస్తే రెండు నోళ్లు కనిపిస్తాయి. మలం వచ్చేది ప్రాక్సిమల్ నోటి నుంచి. డిస్టల్ నోటి నుంచి జిగురు లాంటి మ్యూకస్ మాత్రమే వస్తుంది. బ్యాగ్ మార్చేటప్పుడు ఏది ఏదో తెలియాలి.

టోర్నికే, అంటే సిర ఉబ్బడానికి బిగించే పట్టీ, కట్టేది సూది గుచ్చే చోటుకు ప్రాక్సిమల్‌గా. రక్తం గుండెవైపు తిరిగి వెళ్తుంది కాబట్టి, కట్టుకు డిస్టల్‌గా ఉన్న సిర ఉబ్బుతుంది. క్యాన్యులా (సిరలో పెట్టే సన్నటి గొట్టం) ఒకచోట కుదరక మళ్లీ పెట్టాల్సి వస్తే, అదే చేతిలో అయితే ముందు గుచ్చిన చోటుకు ప్రాక్సిమల్‌గా వెళ్లాలి. డిస్టల్‌గా పెడితే సెలైన్ పైకి వెళ్తూ పాత రంధ్రం దగ్గర బయటికి కారి చెయ్యి వాచే ప్రమాదం ఉంటుంది. అందుకే మొదటిసారే వీలైనంత డిస్టల్‌గా మొదలుపెట్టమని నేర్పుతారు, పైకి జరగడానికి చోటు మిగలాలి కదా. పీఓపీ (ప్లాస్టర్) కట్టు వేసిన కాలికి గంటగంటకు చూడాల్సింది కట్టుకు డిస్టల్‌గా ఉన్న వేళ్లు: రంగు, వేడి, స్పర్శ, కదలిక, గోరు నొక్కి వదిలితే ఎర్రదనం తిరిగి రావడం. నైట్ డ్యూటీలో హ్యాండోవర్ తీసుకునేటప్పుడు “డిస్టల్ పల్స్ ఉందా సిస్టర్?” అని అడిగితే అవతలివాళ్లకు ఒక్క మాటలో అంతా అర్థమవుతుంది.

చెయ్యి జాపి కింద పడ్డవాళ్లకు మణికట్టు దగ్గర విరిగేది రేడియస్ డిస్టల్ చివర. ఎక్స్‌రే రిపోర్టులో ఆ రెండు మాటలు చూడగానే చోటు కళ్ల ముందుకు రావాలి.

లోతు చెప్పే మాటలు

చర్మానికి దగ్గరైతే సూపర్‌ఫిషియల్, లోపలికైతే డీప్. చర్మం, దాని కింద కొవ్వు, దాని కింద కండ, తర్వాత ఎముక. బీసీజీ టీకా చర్మంలోనే, ఎడమ దండచేతి పైభాగంలో. ఇన్సులిన్ చర్మం కింది కొవ్వులో. కండకు ఇచ్చే ఇంజెక్షన్ వీటికంటే డీప్. సూది పొడవు, పెట్టే కోణం రెండూ ఈ వరసను బట్టే మారతాయి. ‘డీప్’ అంటే ప్రమాదకరం అని చాలామంది పేషెంట్ బంధువులు అనుకుంటారు. వాళ్లతో మాట్లాడేటప్పుడు “కొంచెం లోపలి పొరలో” అని చెప్పండి.

ఒకే వైపు అయితే ఇప్సిలేటరల్, ఎదుటి వైపు అయితే కాంట్రాలేటరల్. మెదడులో ఎడమ అర్ధభాగంలో స్ట్రోక్ వస్తే సాధారణంగా బలహీనత కుడి చెయ్యి, కాలికి, అంటే కాంట్రాలేటరల్. దీనికి ఇంతకంటే అక్కర్లేదు.

రెండు దిక్కులు కలిపి

అసలు వార్డు పని మొదలయ్యేది ఇక్కడ. శరీరం మీద చోట్లు తిన్నగా ముందో, తిన్నగా పక్కనో ఉండవు, మూలల్లో ఉంటాయి. పసిపిల్లలకు పెంటావాలెంట్ టీకా వేసేది తొడ మధ్యభాగంలో యాంటీరోలేటరల్ వైపు. అంటే తొడ ముందుకీ, బయటి పక్కకీ మధ్యన. వాస్టస్ లేటరాలిస్ అనే పెద్ద కండ అక్కడ ఉంది. తొడకు రక్తం తీసుకెళ్లే పెద్ద నాళాలు యాంటీరోమీడియల్ వైపున ఉంటాయి, వాటికి దూరంగా ఉండాలి. ‘తొడలో వెయ్యండి’ అని చెప్పి వదిలేస్తే చాలదన్నమాట.

పిరుదులో ఇంజెక్షన్ వేయాలంటే ఒక పిరుదును నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీతతో నాలుగు భాగాలు చేయండి. వేయాల్సింది సుపీరోలేటరల్ భాగంలో, పైన బయటి మూలలో. కాలికి వెళ్లే సయాటిక్ నరం ఆ మూలకు ఇన్ఫీరియర్‌గా, మీడియల్‌గా దిగుతుంది. నరానికి సూది తగిలితే పాదం పైకి లేపలేని స్థితి రావచ్చు. ఇప్పుడు చాలాచోట్ల ఈ భాగం కంటే తుంటి పక్కన వెంట్రోగ్లూటియల్ చోటే మేలంటున్నారు, పసిపిల్లలకైతే పిరుదులో అసలు వేయరు. అయినా నా విద్యార్థులతో నేను ఈ నాలుగు భాగాలు గీయిస్తాను, ఎందుకంటే ఒక దిక్కు మాట తప్పితే మనిషికి జరిగే నష్టం ఎంతో దీంట్లో కనిపిస్తుంది.

మరొకటి అపెండిక్స్ నొప్పి చోటు. కుడివైపు తుంటి ఎముక ముందు పైన వేలికి తగిలే మొనను యాంటీరియర్ సుపీరియర్ ఇలియాక్ స్పైన్ అంటారు. అక్కడి నుంచి బొడ్డుకు గీత గీయండి. గీతలో లేటరల్ మూడో వంతు అయిపోయి మిగతా రెండు వంతులు మొదలయ్యే చోటు మెక్‌బర్నీ పాయింట్. ఆ ఎముక పేరులోనే రెండు దిక్కులు ఉన్నాయి చూడండి. ఇలా పేర్లలోనే దిక్కులు పెట్టుకున్నవి వందలు. సుపీరియర్ వీనా కేవా, ఇన్ఫీరియర్ వీనా కేవా, వాస్టస్ మీడియాలిస్, లెఫ్ట్ యాంటీరియర్ డిసెండింగ్ ధమని. ఈ గైడ్ బాగా పట్టుబడితే అనాటమీ పుస్తకంలో సగం పేర్లు చోటుతో సహా అర్థమవుతాయి. ఇంగ్లిష్ అంటే భయపడే పిల్లలకు నేను ఈ మాట తప్పకుండా చెబుతాను. ఈ పేర్లు లాటిన్, గ్రీకు మూలాలవి, ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లకూ ఇవి కొత్తే. 1895లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో ఒక అంతర్జాతీయ పేర్ల జాబితా కుదిరింది, 1998లో టెర్మినోలాజియా అనాటమికా అనే జాబితా వచ్చింది, ఇప్పుడు ప్రామాణికంగా తీసుకునేది 2019లో వచ్చిన దాని రెండో కూర్పు. ఖమ్మంలో నేర్చుకున్న మాట గల్ఫ్‌లో డ్యూటీకి వెళ్లినా, లండన్‌లో పని దొరికినా మారకుండా ఉండేది ఇందువల్లే.

అరచేయి, అరికాలు

చేతిలో అరచేతి వైపు పామర్, వెనకవైపు డార్సల్. పాదంలో అరికాలు ప్లాంటార్, పైవైపు డార్సమ్. పాదం పైభాగం సీలింగ్ వైపు చూస్తుంటే దాన్ని ‘వీపు’వైపు మాటతో ఎందుకు పిలుస్తారని మంచి విద్యార్థులు అడుగుతారు. పిండం పెరిగేటప్పుడు కాళ్లు లోపలివైపుకు మెలితిరుగుతాయి, చేతులు బయటివైపుకు. మొదట్లో డార్సల్ వైపున ఉన్న భాగమే కాలిలో ముందుకు వచ్చింది. అందుకే మోకాలు ముందుకు, మోచేయి వెనక్కి చూస్తాయి.

షుగర్ పేషెంట్ పాదం చూసేటప్పుడు ప్లాంటార్ వైపు పుండా, డార్సమ్ మీదా అన్నది తప్పక రాయాలి. అరికాలి పుండు చాలాసార్లు నడకలో పడే బరువు వల్ల, డార్సమ్ మీది పుండు చెప్పు పట్టీ ఒరుసుకోవడం వల్ల వచ్చి ఉండవచ్చు. డార్సమ్ మీద నాడి కూడా చూడండి. బొటనవేలు పైకెత్తమంటే దాని టెండన్ లేచి కనిపిస్తుంది, దానికి కొంచెం లేటరల్‌గా డార్సాలిస్ పీడిస్ పల్స్.

కోతల తలాలు మూడే. శరీరాన్ని కుడి, ఎడమలుగా విడదీసేది సాజిటల్, ముందు, వెనకలుగా విడదీసేది కరోనల్, పైన, కిందలుగా విడదీసేది ట్రాన్స్‌వర్స్. ఒక అట్టముక్క తీసుకుని మీ ఒంటికి మూడు రకాలుగా ఆనించి చూసుకుంటే అయిపోతుంది.

రోజూ చేయాల్సిన అభ్యాసం

ఇద్దరు కలిసి చేయండి. ఒకరు ఒంటి మీద ఎక్కడైనా చిన్న బిందీ స్టిక్కర్ పెట్టుకుని, ఆ చోటును కాగితం మీద మాటల్లో రాయాలి. తర్వాత స్టిక్కర్ తీసేయాలి. రెండోవాళ్లు కాగితం మాత్రమే చదివి, కొత్త స్టిక్కర్‌ను అదే చోట పెట్టాలి. ఎంత దూరంలో పడిందో టేపుతో కొలవండి. వేలెడు దూరం కంటే ఎక్కువ తేడా వస్తే రాతలో లోపం వెతకండి. సాధారణంగా దొరికే లోపం ఒకటే, ‘దేనికి’ అన్నది రాయకపోవడం.

నా దగ్గర రాత వరస ఇలా ఉంటుంది: మొదట కుడా ఎడమా, తర్వాత భాగం, తర్వాత ఏ వైపు, తర్వాత వేలికి తగిలే ఒక ఎముక గుర్తు నుంచి దూరం, చివరికి సైజు. ‘కాలి మీద చిన్న గాయం’ అన్న రాతను ఇలా మార్చాలి: ‘కుడి లెగ్, యాంటీరియర్ వైపు, మోకాలిచిప్ప కింది అంచుకు 8 సెం.మీ. డిస్టల్‌గా, టిబియా ముందు అంచుకు 2 సెం.మీ. లేటరల్‌గా, 3 × 1 సెం.మీ. గాయం’. గొడవల్లోనో ప్రమాదంలోనో దెబ్బలు తగిలి పోలీసు కేసుగా వచ్చేవాళ్ల విషయంలో ఇలాంటి రాతే తర్వాత కోర్టు దాకా వెళ్తుంది. దూరం ఎప్పుడూ ఎముక గుర్తు నుంచే కొలవండి. బొడ్డు, చనుమొన మనిషి లావును బట్టి, వయసును బట్టి జరుగుతాయి.

పడక పుండ్లతో కూడా సాధన చేయవచ్చు. వెల్లకిలా ఎక్కువకాలం ఉన్నవాళ్లకు ఒరుసుకునేవన్నీ పోస్టీరియర్ చోట్లు: తల వెనక, భుజపుటెముకలు, మోచేతులు, సేక్రమ్ (నడుము కింద వెన్ను చివరి ఎముక), మడమలు. పక్కకు ఉన్నవాళ్లకు లేటరల్ చోట్లు: తుంటి గుబ్బ, లేటరల్ మాలియోలస్. బోర్లా ఉన్నవాళ్లకు యాంటీరియర్: నుదురు, మోకాళ్లు, కాలివేళ్లు. భంగిమ చెప్పగానే చోట్లు మీ అంతట మీరు చెప్పగలగాలి.

స్కూల్లో ఎముకల సెట్ ఉంటే తొడ ఎముకతో మొదలుపెట్టండి. గుండ్రటి తల పైకి, మీడియల్‌గా చూడాలి. గరుకు గీత పోస్టీరియర్‌గా రావాలి. ఈ రెండూ కుదిరేలా పట్టుకుని మీ ఒంటి పక్కన పెట్టుకుంటే అది కుడిదో ఎడమదో తేలిపోతుంది. మోకాలిచిప్పకు మరో పద్ధతి ఉంది. వెనకభాగం బల్లకు ఆనేలా, మొన మీకు అవతలివైపు ఉండేలా పెట్టి వదలండి. లేటరల్ ముఖం పెద్దది కాబట్టి ఎముక ఏ వైపుదో ఆ వైపుకే ఒరుగుతుంది. వైవాలో (నోటి పరీక్షలో) ఎముక చేతికివ్వగానే మాట్లాడటం మొదలుపెట్టకండి, ముందు ఒంటి పక్కన సరిగ్గా పట్టుకోండి, ఎగ్జామినర్‌కు సగం జవాబు అక్కడే అందుతుంది.

ఇప్పుడు కొన్ని మీరే చెప్పండి, పూర్తి వాక్యాల్లో. మోకాలు చీలమండకు ఏమవుతుంది? ఫిబులా టిబియాకు? అన్నవాహిక శ్వాసనాళానికి? చేతి బొటనవేలు చూపుడువేలికి? పక్కటెముకలు ఊపిరితిత్తులకు? బోర్లా పడుకున్న పేషెంట్ మడమ, అదే పాదం కాలివేళ్లకు?

జవాబులు వరసగా: ప్రాక్సిమల్, లేటరల్, పోస్టీరియర్, లేటరల్, సూపర్‌ఫిషియల్, పోస్టీరియర్. చివరిదానికి జవాబు తట్టకపోతే మళ్లీ లేచి నిలబడి, మడమ ఎటు ఉందో చూసుకోండి.